కొత్త బండి ఒక పక్కకి ఒరిగినట్టుందా? ముందు టేపు తీయండి

కొత్త కారు ఇంటికొచ్చిన నాలుగో రోజునో ఐదో రోజునో, వెనక నిలబడి చూస్తుంటే బంపర్ ఒక పక్క కాస్త దిగినట్టు అనిపిస్తుంది. ఇంకొకరిని పిలిచి చూపిస్తే అవునంటారు. మరొకరు కాదంటారు. ఒకసారి కంటపడ్డాక బండి వైపు చూసినప్పుడల్లా అదే కనిపిస్తుంది, అదే టెన్షన్.

నాకూ ఇదే జరిగింది. కంగారుగా సర్వీస్ సెంటర్‌కి వెళ్ళి "బండి ఒరిగింది" అన్నాను. సలహాదారు బయటికొచ్చి ఒక్క చూపు చూసి, "అన్ని బండ్లూ ఇలాగే ఉంటాయి సార్" అని పంపేశాడు. నా దగ్గర ఒక్క అంకె కూడా లేదు కాబట్టి తిరిగి మాట్లాడలేకపోయాను. తర్వాత పద్ధతిగా కొలిచి, కాగితం మీద రాసి తీసుకెళ్తే అదే మనిషి బండిని లిఫ్ట్ ఎక్కించాడు. అక్కడ ఏం దొరికిందో కింద చెబుతాను. ముందు కొలిచే పద్ధతి నేర్చుకోండి. కావలసినవి ఒక టేపు, ఒక కాగితం, ఒక గంట సమయం.

కంటిని నమ్మకండి, నేలనూ నమ్మకండి

రోడ్డు పక్కన ఆపిన బండి ఒరిగినట్టు కనిపించడంలో వింత లేదు, అది నిజంగానే ఒరిగి ఉంటుంది. వాన నీళ్ళు పోవడానికి రోడ్డుకి మధ్య నుంచి అంచుల వైపు వాటం ఇస్తారు. ఆ వాటం 2 శాతం అనుకుంటే, ఎడమ కుడి చక్రాల మధ్య మీటరున్నర దూరంలో అది 30 మిల్లీమీటర్ల తేడా. పార్కింగ్ గచ్చుకీ, గ్యారేజీ గచ్చుకీ కూడా నీళ్ళు నిలవకుండా వాటం ఉంటుంది. చూడటానికి చదునుగా ఉంది కదా అని వదిలేయకండి.

నేల మట్టం చూడటానికి మేస్త్రీలు వాడే నీళ్ళ గొట్టాన్ని మించింది లేదు. నాలుగైదు మీటర్ల పారదర్శకమైన సన్న గొట్టం తీసుకుని, రెండు చివర్లలో ఓ జానెడు ఖాళీ ఉండేలా నీళ్ళు నింపండి. గొట్టాన్ని వేలితో కొడుతూ లోపల గాలి బుడగ లేకుండా చూసుకోండి. ఒక్క బుడగ ఉన్నా కొలత తప్పుతుంది. ఒక చివర ఎడమ టైరు నిలిచే చోట, రెండో చివర కుడి టైరు నిలిచే చోట నిలువుగా పట్టుకుని, రెండు చివర్లూ తెరిచి ఉంచండి. నీళ్ళు ఊగడం ఆగాక నేల నుంచి నీటి మట్టం వరకు రెండు చోట్లా కొలవండి. ఒక చోట 412, ఇంకో చోట 426 వస్తే, 426 వచ్చిన చోటు 14 మిల్లీమీటర్లు పల్లంగా ఉన్నట్టు. ఇలా నాలుగు చక్రాల చోట్లూ చూడండి. పల్లమున్న చోట ప్లైవుడ్ ముక్కో, గట్టి రబ్బరు షీటో సరిపడా మందంలో వేసి బండిని దాని మీదికి నడపండి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా మిగిలినా ఫరవాలేదు.

చాలామంది పొరబడేది ఇక్కడే. నేల మొత్తం ఒకే వైపు సమంగా వాలి ఉంటే కంటికి బండి బాగా ఒరిగినట్టు కనిపిస్తుంది. టేపుకి మాత్రం అంత తేడా రాదు. మనం కొలిచేది ఆ వాలిన నేల నుంచే కదా. బరువు పల్లం వైపు కాస్త మొగ్గడం వల్ల కొన్ని మిల్లీమీటర్లు మారుతుంది, అంతే. అసలు గందరగోళం నేల మెలితిరిగి ఉన్నప్పుడు వస్తుంది. అంటే మూడు చక్రాలు ఒక మట్టంలో ఉండి, నాలుగోది గుంటలో దిగినప్పుడు. అప్పుడు స్ప్రింగులు ఒకదానికొకటి భిన్నంగా నొక్కుకుని, బాగున్న బండిలో కూడా పెద్ద తేడాలు చూపిస్తాయి.

కొలిచే ముందు

టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడండి. డ్రైవర్ తలుపు తీస్తే ఆ చట్రం మీదో, లేకపోతే మాన్యువల్లోనో రాసి ఉన్న ప్రెషరే ఉండాలి. ముందు రెండూ సమానంగా, వెనక రెండూ సమానంగా. నాలుగు టైర్ల పక్కలూ చూసి సైజు ఒకటేనా అని చదవండి. డిక్కీలో సామాన్లు తీసేయండి. లోపల ఎవరూ ఉండకూడదు. ట్యాంకులో ఇంధనం ఎంతుందో రాసుకోండి, రెండోసారి కొలిచేటప్పుడు కూడా దాదాపు అంతే ఉండాలి.

తర్వాత బండిని స్థిరపరచాలి. స్టీరింగ్ నేరుగా పెట్టి పది మీటర్లు ముందుకీ, పది మీటర్లు వెనక్కీ మెల్లగా నడిపి, బ్రేక్ గట్టిగా తొక్కకుండా ఆపండి. దిగి ఒక్కో మూలనీ రెండు అరచేతులతో మూడుసార్లు కిందికి నొక్కి వదలండి. చక్రాల కీళ్ళ దగ్గర ఉండే రబ్బరు బుష్‌లలోనూ షాక్ అబ్జార్బర్లలోనూ కొంత పట్టు ఉంటుంది, అందుకే బండి ఆగిన చోటల్లా అచ్చం ఒకే ఎత్తులో నిలవదు. ముఖ్యంగా జాకీ ఎక్కించి దించిన వెంటనే కొలవకండి. చక్రాలు లోపలికి లాక్కుని ఉంటాయి, కాస్త దూరం నడిస్తే గాని అవి తమ చోటికి రావు.

ఇక టేపు

ఒక్కో చక్రం దగ్గర రెండు కొలతలు తీసుకోండి. మొదటిది నేల నుంచి చక్రం మధ్య మీదుగా పైన ఫెండర్ (చక్రాన్ని కప్పే రేకు) వంపు అంచు దాకా. రెండోది చక్రం నడిబొడ్డు నుంచి అదే అంచు దాకా. టేపు నిలువుగా ఉండాలి, నాలుగు చోట్లా ఒకేలా పట్టుకోవాలి. అన్నీ మిల్లీమీటర్లలోనే రాయండి.

రెండు కొలతలు ఎందుకంటే, మొదటి దాంట్లో టైరు కూడా కలుస్తుంది. గాలి తగ్గినా, ఒక టైరు కాస్త అరిగినా అది మారిపోతుంది. రెండో దాంట్లో టైరు నేరుగా కలవదు, స్ప్రింగు ఎంత నొక్కుకుందో అదే చెబుతుంది. మొదటి దాంట్లో తేడా ఉండి రెండో దాంట్లో లేకపోతే, మీరు చూడాల్సింది టైరూ గాలీ.

కొలిచాక బండిని తిప్పి, మూతి ఉన్న వైపు తోక వచ్చేలా అదే చోట నిలబెట్టి, మళ్ళీ అంతా కొలవండి. చాలామంది బద్ధకించే పని ఇదే, కానీ అన్నిటికన్నా విలువైనది కూడా ఇదే. మొదటిసారి డ్రైవర్ వైపు దిగి, తిప్పాక రెండో వైపు దిగితే, ఒరిగింది నేల. తిప్పినా డ్రైవర్ వైపే దిగి ఉంటే అది బండిదే. రెండుసార్లు వచ్చిన తేడాలను కలిపి (దిగిన వైపు మారితే ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేసి) సగం చేయండి, నేల వాలు ప్రభావం చాలావరకు కొట్టుకుపోతుంది.

కాగితం చదవడం

ఇప్పుడు రెండో రకం కొలతలు చూడండి. ముందు చక్రాల దగ్గర ఎడమ కుడి తేడా ఎంత? వెనక చక్రాల దగ్గర ఎంత?

బండి బాడీ గట్టి పెట్టె లాంటిది, దానంతటది మెలితిరగదు. అందుకని చదునైన నేల మీద, టైర్లు సమానంగా ఉన్నప్పుడు, బండి నిజంగా ఒరిగితే ముందూ వెనకా తేడా ఒకే వైపుకి, దాదాపు ఒకే అంత రావాలి. నా బండికి ముందు 16, వెనక 14 వచ్చాయి, రెండు చోట్లా కుడి వైపే దిగింది. అది నిజమైన ఒరుగు. అలా కాకుండా ముందు ఎడమ దిగి, వెనక కుడి దిగితే నేల మెలితిరిగి ఉన్నట్టో, ఒక టైరు తేడాగా ఉన్నట్టో అనుకోండి. ముందు 10 ఉండి వెనక సున్నా ఉంటే బహుశా ఫెండర్ రేకే కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ బిగించి ఉంటుంది. బాడీ రేకుల్లో అంతమాత్రం తేడా కొత్త బండ్లలో ఉంటుంది. అనుమానముంటే ఫెండర్‌ని వదిలేసి, తలుపుల కింద జాకీ పెట్టే గట్టి అంచు నుంచి నేల వరకు రెండు పక్కలా కొలిచి పోల్చండి.

ఇందులో ఇంకో సంగతి ఉంది. ముందు స్ప్రింగు పొట్టిదైనా, వెనక స్ప్రింగు పొట్టిదైనా బాడీ మొత్తం ఒరుగుతుంది. కాబట్టి తప్పు ముందుందా వెనకుందా అన్నది ఈ కొలతలు చెప్పవు. "ముందు ఎడమ దిగింది, కాబట్టి ముందు ఎడమ స్ప్రింగు పాడైంది" అని తేల్చేయకండి.

ఎంత తేడా వస్తే పట్టించుకోవాలి? మోడల్ని బట్టి సర్వీస్ మాన్యువల్లో ఎత్తులకీ, ఎడమ కుడి తేడాకీ హద్దులు ఉంటాయి. ఆఖరి మాట దానిదే. అది చేతికి వచ్చేదాకా నేనైతే ఇలా చూస్తాను. 5 మిల్లీమీటర్ల లోపు ఉంటే మర్చిపోండి. 10 లోపు ఉంటే మనసు పీకినా బండికి నష్టం లేదు, రాసిపెట్టుకుని కొన్నాళ్ళకి మళ్ళీ కొలవండి. 10 దాటితే అడగండి. 15 దాటితే కారణం చెప్పేదాకా వదలకండి. మీటరున్నర వెడల్పులో 5 మిల్లీమీటర్లంటే ఒక డిగ్రీలో ఐదో వంతు. అంత సన్న తేడాని పట్టుకునే కన్ను, దాన్నే కొండంత చేసి కూడా చూపిస్తుంది.

తప్పు లేకుండానే ఒరగడం

బండి లోపల బరువు రెండు పక్కలా సమానంగా ఉండదు. ట్యాంకు చాలా మోడళ్ళలో ఒక పక్కకి జరిగి ఉంటుంది. లీటరు పెట్రోలు సుమారు 740 గ్రాములు, 45 లీటర్లు నిండితే 33 కిలోలు. డీజిల్ ఇంకాస్త బరువు. బ్యాటరీ ఒక మూలన 12 నుంచి 20 కిలోలు. వీటి మీద డ్రైవర్. చక్రం దగ్గర లెక్కేస్తే మామూలు కారు స్ప్రింగు 25 కిలోలకి సుమారు 10 మిల్లీమీటర్లు నొక్కుకుంటుంది. కాబట్టి బరువు ఒక పక్క మొగ్గితే కొన్ని మిల్లీమీటర్లు దిగడం సహజం. కావాలంటే ఒకరిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి కొలిచి చూడండి.

దీన్ని సర్దడానికే కొన్ని మోడళ్ళలో ఎడమ స్ప్రింగుకీ కుడి స్ప్రింగుకీ వేరువేరు పార్ట్ నంబర్లు ఉంటాయి. చుట్ల మీద రంగు గీతలు పెట్టి వాటిని గుర్తుపడతారు. అలాంటి బండిలో డ్రైవర్ లేనప్పుడు ఒక పక్క కాస్త పైకి ఉండి, డ్రైవర్ కూర్చున్నాక సమం కావచ్చు.

రెండు పక్కలూ అచ్చం ఒకేలా ఉండాలన్న నియమం కూడా ఎక్కడా లేదు. 1961లో వచ్చిన రెనో 4 కారులో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం ఒక పక్క కంటే ఇంకో పక్క 48 మిల్లీమీటర్లు ఎక్కువ. వెనక చక్రాల టార్షన్ బార్లు (మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) అడ్డంగా ఒకదాని వెనక ఒకటి అమర్చడం వల్ల అలా వచ్చింది. అది తప్పు కాదు, దాన్ని అలాగే తయారుచేశారు. అందుకే మీ మోడల్‌దే ఇంకో కొత్త బండిని అదే నేల మీద కొలవడం చాలా అవసరం. రెండూ ఒకే వైపుకి ఒకే అంత ఒరిగితే అది ఆ మోడల్ తీరు. మీది ఒక్కటే ఒరిగితే మీ దాంట్లో ఏదో ఉంది.

ఏదో ఉంటే, ఏముండొచ్చు

నా బండిని లిఫ్ట్ ఎక్కించాక మెకానిక్ టార్చి వేసి ముందు ఎడమ స్ప్రింగు చుట్ల మధ్యకి చూశాడు. అక్కడ నల్లటి ప్లాస్టిక్ దిమ్మె ఒకటి ఇరుక్కుని ఉంది. కొత్త బండ్లను ఓడల మీదా లారీల మీదా కట్టి తెచ్చేటప్పుడు ఊగకుండా ఉండటానికి కొన్ని కంపెనీలు స్ప్రింగుల్లో ఇలాంటి దిమ్మెలు పెడతాయి. కొన్నవాళ్ళకి ఇచ్చే ముందు చేసే తనిఖీలో వాటిని తీసేయాలి. కుడి వైపు తీశారు, ఎడమ వైపు మర్చిపోయారు. ఆ స్ప్రింగు పూర్తిగా నొక్కుకోలేక ఎడమ పక్క పైకి లేచి ఉంది, మనకి కుడి పక్క దిగినట్టు కనిపించింది. అది తీసి, బండిని కాసేపు తిప్పి కొలిస్తే ముందు 3, వెనక 2 మిగిలాయి.

మీ బండికి కూడా ముందుగా ఇదే చూడమనండి. చాలా బండ్లలో చక్రాన్ని ఒక పక్కకి పూర్తిగా తిప్పి టార్చి వేస్తే ముందు స్ప్రింగు మీకే కనిపిస్తుంది. చుట్ల మధ్య రబ్బరో ప్లాస్టిక్కో కనిపిస్తే రెండో పక్క కూడా ఉందేమో చూడండి. రెండు పక్కలా ఉంటే అది డిజైన్‌లో భాగం కావచ్చు, రెండు పక్కలా మర్చిపోయి కూడా ఉండొచ్చు, అడిగి తెలుసుకోండి. మీరే ఊడబీకకండి.

తర్వాత చూడాల్సింది స్ప్రింగు కూర్చున్న తీరు. చుట్ట చివర దాని గిన్నెలో ఉన్న గాడిలో సరిగ్గా ఆనాలి. గాడి దాటి పైకెక్కి కూర్చుంటే ఆ పక్క ఎత్తు పెరుగుతుంది. ఎడమ కుడి స్ప్రింగులు తారుమారు అయ్యాయా అన్నది పార్ట్ నంబర్లతో తేలుతుంది.

బుష్‌ల సంగతి తెలిసిన మెకానిక్‌లు కూడా ఒక్కోసారి మర్చిపోతారు. సస్పెన్షన్ చేతుల్లో ఉండే రబ్బరు బుష్ తిరగదు, మెలిపడుతుంది. చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడు ఆ బోల్టు బిగిస్తే, బండి దించాక రబ్బరు మెలికపడి ఆ మూలని పైకి నెడుతూనే ఉంటుంది. మందు తేలికే. బోల్టులు వదులు చేసి, చక్రాల మీద పూర్తి బరువు పడ్డాక మళ్ళీ మాన్యువల్లో చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించాలి.

ఎడమ కుడి చక్రాలను కలుపుతూ, మలుపుల్లో బండి ఒరగకుండా పట్టే కడ్డీ యాంటీ రోల్ బార్. అది వంగి ఉన్నా, దాని లింకులు పొడవులో తేడా ఉన్నా బండిని ఒక పక్కకి మెలిపెడుతుంది. చదును నేల మీద రెండు లింకులూ విప్పితే ఒరుగు పోయిందంటే దోషం బార్‌దే.

ముందా వెనకా అన్నది తేల్చడానికి వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉంది. ముందు భాగం మధ్యలో, సరిగ్గా నడిమిన జాకీ పెట్టి ముందు చక్రాలు నేల వదిలేదాకా లేపుతారు. అప్పుడు బండి ఒరుగుని నిర్ణయించేది వెనక స్ప్రింగులే. ఒరుగు పోతే కారణం ముందుంది, ఉంటే వెనకుంది. తర్వాత వెనక వైపు లేపి సరిచూస్తారు. మధ్యలో జాకీ పెట్టే చోటు మాన్యువల్లో చూపించిన బండికే ఇది చేయాలి. జాకీ ఒక్కదాని మీద ఉన్న బండి కిందికి ఎవరూ దూరకూడదు, స్టాండ్లు వేయాల్సిందే. ఇంకా తేలకపోతే ఎడమ కుడి స్ప్రింగులు మార్చి వేస్తారు. ఒరుగు రెండో పక్కకి మారితే స్ప్రింగుది, మారకపోతే స్ప్రింగు బాగున్నట్టే.

స్ప్రింగుల బదులు గాలి సంచులుండే ఎయిర్ సస్పెన్షన్ అయితే కథ వేరు. రాత్రి ఆపినప్పుడు కొలిచి, పొద్దున స్టార్ట్ చేయకముందే మళ్ళీ కొలవండి. ఒక మూల దిగిపోతే గాలి లీక్. రాత్రంతా అలాగే ఉండి తేడా స్థిరంగా ఉంటే ఎత్తు సెన్సార్‌ని మళ్ళీ క్యాలిబ్రేట్ చేయాల్సి రావచ్చు.

సర్వీస్ సెంటర్‌లో

కొలతల కాగితం, టేపు పట్టుకున్న ఫొటోలు తీసుకెళ్ళండి. "ఒరిగింది" అనకండి. "ముందు 16, వెనక 14, బండి తిప్పి కొలిచినా అదే వైపు, టైర్ల గాలి సమానం" అనండి. జాబ్ కార్డు మీద ఆ అంకెలే రాయించండి. ఈ మోడల్ ఎత్తు హద్దులు ఉన్న పేజీ చూపించమనండి. అక్కడే ఉన్న ఇంకో కొత్త బండిని పక్కన కొలవమనండి. గొంతు పెంచాల్సిన పని లేదు, ఈ మూడు అడిగితే చాలు.

"కొన్నాళ్ళు తిరిగితే అదే సర్దుకుంటుంది" అంటే, పెద్ద తేడా విషయంలో ఒప్పుకోకండి. కొత్త స్ప్రింగులూ రబ్బర్లూ మొదటి నెలల్లో కొంచెం దిగుతాయి, నిజమే. కానీ రెండు పక్కలా దిగుతాయి. 16 మిల్లీమీటర్ల తేడా దానంతటది సమం కాదు. ఈలోపు మీరు బయట స్పేసర్లు (ఎత్తు పెంచడానికి స్ప్రింగు దగ్గర పెట్టే పలకలు) వేయించినా, స్ప్రింగులు మార్పించినా వారంటీ మాట దగ్గర మీ వాదన బలహీనపడుతుంది. అందుకని ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండగా, వీలైనంత త్వరగా వెళ్ళండి.

టైరు ఫెండర్‌కి రాసుకుంటున్నా, మొన్నటిదాకా లేని ఒరుగు హఠాత్తుగా వచ్చినా, గుంటల్లో టక్ మని లోహం కొట్టుకున్న చప్పుడు వస్తున్నా కొలతల దాకా ఆగకండి. స్ప్రింగు విరిగి ఉండొచ్చు. బండి నడపకుండా ఫోన్ చేసి పిలిపించండి.

సరిచేశాక

దోషం ఏదీ దొరకక, హద్దు మాత్రం దాటి ఉంటే, దిగిన పక్క స్ప్రింగు మీద పలచని స్పేసర్ వేయడం ఒక దారి. సస్పెన్షన్ రకాన్ని బట్టి స్పేసర్ మందం ఒకటి, బండి లేచేది ఒకటి. కొన్ని బండ్లలో 6 మిల్లీమీటర్ల పలక వేస్తే చక్రం దగ్గర దాదాపు రెట్టింపు లేస్తుంది. ఇది ఇంట్లో చేసే పని కాదు. నొక్కిపెట్టిన స్ప్రింగు జారితే ప్రాణం మీదికి వస్తుంది.

ఏ మార్పు చేసినా ఎత్తు మారింది కాబట్టి వీల్ అలైన్‌మెంట్ చేయించండి, హెడ్‌లైట్ల కోణం చూపించండి. ఎత్తు మారితే క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు), టో (పై నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగిన కోణం) రెండూ మారతాయి. ఆ తేడా బయటికి కనిపించదు, మెల్లగా టైర్లను తినేస్తుంది. బండి ఒక పక్కకి లాగుతోందంటే అది వేరే విషయంగా చూడమనండి. నాలుగైదు మిల్లీమీటర్ల ఒరుగు వల్ల బండి లాగదు, అలైన్‌మెంట్ వల్లో టైరు వల్లో లాగుతుంది.

ఇంటికొచ్చాక మొదట కొలిచిన చోటే బండి పెట్టి, అదే టేపుతో ఇంకోసారి కొలిచి, పాత అంకెల పక్కన కొత్తవి తేదీతో రాయండి. ఆ కాగితం బండి పత్రాలతో పాటే ఉంచండి. రెండేళ్ళ తర్వాత ఎప్పుడైనా మళ్ళీ అనుమానం వస్తే, పోల్చి చూసుకోవడానికి బండి బాగున్నప్పటి కొలతలు మీ చేతిలోనే ఉంటాయి.